వాగు అవతలి కల్లం

పెద్దమ్మ పోయిందని నిన్న పొద్దున ములకలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. బీడీలు చుట్టే తునికాకు కోసే రోజుల్లో ఇంట్లో ఒక్క పూట కూర్చోని మనిషి, అడివిలో అంత ఆకు వదిలేసి ఎలా పోయిందా అనే పిచ్చి ఆలోచన కొత్తగూడెంలో రైలు దిగేదాకా నన్ను వదల్లేదు.

నాది హైదరాబాద్‌లో చిప్‌లు డిజైన్ చేసే ఉద్యోగం. కొన్నేళ్ల కిందట మా కంపెనీని వేరే దేశపు చిప్ కంపెనీ కొనబోయింది. యజమానులు ఒప్పుకున్నారు. కానీ మా చిప్‌లు అమ్ముడయ్యే ప్రతి దేశంలోనూ మార్కెట్లో పోటీని కాపాడే అధికారులు సరేననాలి. అందరూ అన్నారు, ఒక దేశం మాత్రం నెలల తరబడి తేల్చలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక సెలవు పెట్టి పెద్దమ్మ దగ్గరికి వచ్చి పడ్డాను.

నేను వచ్చేసరికి పెద్దమ్మ ఇప్పచెట్టు నీడలో ఆకు కట్టలు కడుతోంది. ఎండకు అడివంతా నీళ్లలో ఉన్నట్టు కదులుతోంది.

"ఇద్దరి మధ్య ఆ మూడో దేశానికేం పని?" అని విసుక్కున్నాను.

"గట్లంటవేంది బిడ్డా? ఇద్దరూ ఒక్కటైతే మూడోటోడు ఎవరి దగ్గరికి పోవాలె?"

అప్పుడు చెప్పింది. ఒక వేసవిలో ఊళ్లో కల్లాన్నీ, వాగు అవతలి కల్లాన్నీ ఒకే కాంట్రాక్టరు పట్టాడట. కల్లమంటే మా దగ్గర ఆకు కొని ఎండబెట్టే చోటు. అవతలిది మూసేస్తే, వాగు దాటే పని తప్పిందని ఊరంతా సంబరపడింది, పెద్దమ్మతో సహా. వారం తిరక్కుండానే ఆకు చిన్నది, కట్ట వదులు అంటూ తిప్పి పంపడం మొదలైంది. పెద్దమ్మ కట్టలు నెత్తిన పెట్టుకుని వాగు దాటి, ఖాళీ కల్లంలో కూర్చుంది. మర్నాడు పదిమంది ఆడవాళ్లు కూర్చున్నారు. చివరికి ఫారెస్టు ఆఫీసరు వచ్చి, అవతలి కల్లం వేరేవాళ్లకు ఇప్పించాడు.

నేను హైదరాబాద్ తిరిగొచ్చాక ఆ దేశమూ అదే తీర్పు చెప్పింది. కలవండి, కానీ ఒక డిజైన్ విభాగాన్ని మూడో కంపెనీకి అమ్మేయండి అంది. ఆ విభాగం మాదే. ఏడుపు గొంతుతో ఫోన్ చేస్తే పెద్దమ్మ నవ్వింది.

"అయితే నువ్వు అవతలి కల్లమన్నట్టు. బుగులు పడకు, జనం అస్తరు."

కోపమొచ్చి ఫోన్ పెట్టేశాను. ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను, పని బాగానే ఉంది. ఆ మాట ఆమెకు ఒక్కసారీ చెప్పలేదు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఈరోజు దహనం అయ్యాక వాగు దాటాను. కల్లమంతా ఆకు కట్టలు వరుసలుగా ఎండుతున్నాయి.

"గీ వరుస మీ పెద్దమ్మది. మొన్న సాయంత్రం తెచ్చింది," అన్నాడు కల్లం చూసుకునే కల్లేదారు.

"జనం వచ్చారు పెద్దమ్మా," అన్నాను. కూర్చుని ఒక్కో కట్టా తిరగేశాను. అడుగువైపు ఆకు ఇంకా పచ్చిగానే ఉంది.