ఒళ్లోంచి తీసుకున్న బిడ్డ

మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్లే బస్సులో, నిలబడి ఉన్న ఒకామె మా ప్రాంతంలో అందరూ చేసినట్టే, చంటిబిడ్డను కూర్చున్న నా ఒళ్లో పెట్టింది. మాటల్లో నర్సింగు చదువుతున్నానని చెప్పాను. వెంటనే బిడ్డను లాక్కుంది.

"యాలమ్మా?" అన్నాను.

"మా యమ్మకు ఒక సూది పడదు. ఏం ఏస్తాండావని అడిగితే నోరు ముయ్యమన్నాది మీ నర్సు. ఏసేసింది. ఆ పొద్దే పోయింది అమ్మ."

"నేనట్లా చెయ్యను."

"ఇప్పుడట్లే అంటావు. తెల్లబట్టలు తొడుక్కో, అప్పుడు సూస్తాము."

పుంగనూరు దాకా బిడ్డతో నిలబడే వచ్చింది.

ఇప్పుడు కుప్పం ఆసుపత్రిలో నర్సుగా, పెద్ద సిస్టరు కసురుతున్నా, ఏ మందో, దేనికో చెప్పి, రోగి సరేనన్నాకే సూది వేస్తాను. నా పాపను ఎవరి చేతికివ్వాలన్నా నాకూ భయమే. ఆమె మాత్రం ఈ రోజుకీ తన బిడ్డను నాకివ్వదనే అనుకుంటాను.