కప్పు మీద లచ్చయ్య

లచ్చయ్య లాలాపేట్ పంకాల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు సైరన్ తిప్పాడు. పొద్దున ఎనిమిదింటికి తను కూత పెడితేగాని సూర్యుడు కూడా డ్యూటీ ఎక్కేవాడు కాదని ఆయన నమ్మకం. ఫ్యాక్టరీ మూతబడ్డాక, చేత్తో తిప్పే ఆ సైరన్‌ను ఇంటికి తెచ్చుకున్నాడు. భార్య సారలమ్మ దానిమీద చాట బోర్లించింది. ఆయన తార్నాక దాటి, యూనివర్సిటీలో వాచ్‌మన్‌గా కుదురుకున్నాడు.

అక్కడ హన్నా అనే అమ్మాయి బొమ్మలు వేసే గదికి తాళం తీసేది ఆయనే. ఒకరోజు తాళం తీస్తే ఎదురుగా తన ఫ్యాక్టరీ! కూలిన చిమ్నీ, పగిలిన కిటికీలు, గోడలో మొలిచిన మొక్కలతో సహా ఉంది. కప్పు మీద సైరన్ మాత్రం లేదు.

"ఏంది బిడ్డా గిది? సైరన్ లేకుంటే ఫ్యాక్టరీ ఎట్లయితది? గోదాం అయితది."

"ఉన్నదే వేస్తాను తాతగారూ. లేనిది వేస్తే అబద్ధమైపోద్ది కదండీ" అంది హన్నా. "శనివారం అక్కడికెళ్లి పూర్తి చేసేస్తాను."

లచ్చయ్యకు అన్నం సయించలేదు. పేటనంతా లేపినవాడు బొమ్మలో లేకుండా పోవడమా? శనివారం పొద్దున్నే చాట తీసి పక్కన పెట్టి, సైరన్ చంకనెత్తుకున్నాడు.

"కోతి గూడ గీ వయసుల చెట్టు దిగి కూసుంటది" అంది సారలమ్మ.

నిచ్చెన వేసుకుని ఫ్యాక్టరీ కప్పెక్కి, సైరన్‌ను పాత దిమ్మె మీదే బిగించాడు. దిగబోతుంటే లుంగీ తట్టుకుని నిచ్చెన కాస్తా కింద పడింది. అంతటి ఉద్యోగి 'కాపాడండి' అని అరుస్తాడా? సైరన్ తిప్పాడు.

పావుగంటలో నలుగురు ముసలి కార్మికులు తుప్పుపట్టిన గేటు ముందు వరుసగా నిలబడ్డారు. ఒకాయన చేతిలో టిఫిన్ డబ్బా కూడా ఉంది.

"నిచ్చెన పెట్టుండ్రిరా!"

"పది నిమిషాలు లేటుగ కొట్టినవేందిరా?" అన్నాడు డబ్బా ఆయన.

అంతలో హన్నా వచ్చి గుండెలు బాదుకుంది. "అయ్యో, ముందు దిగండి తాతగారూ!"

"ముందు నువ్వు బొమ్మ ఎయ్యి. ఉన్నదే ఏస్తనన్నవ్ గద. దిగినంక నేను లేనంటవ్."

వేసేదాకా దిగలేదు.

సోమవారం ప్రదర్శనలో ఒక ప్రొఫెసర్ ఆ బొమ్మ ముందు ఆగి విద్యార్థులకు వివరించాడు: "కప్పు మీది మనిషి శ్రామికవర్గం. చరిత్ర అతన్ని పైకెక్కించి, అక్కడే వదిలేసింది."

"చరిత్ర గాద్సార్, నిచ్చెన పడ్డది" అన్నాడు తలుపు దగ్గర కాపలా ఉన్న లచ్చయ్య.

ప్రదర్శన చూడ్డానికి వచ్చిన సారలమ్మ బొమ్మను కిందికీ మీదికీ చూసింది. "సైరన్ మంచిగనే ఉన్నది. గా చినిగిన లుంగీ కట్టుకోనే ఎక్కినవా, చరిత్రలకు?"