సగం పేరు

రాసమణికి తూకం కొట్టంలో కుర్చీ దొరికిన రోజున ఆమె తల్లి చిన్నకణ్ణు కూలీలుండే లైన్ ఇళ్ళన్నిటికీ కొబ్బరి రొట్టెలు పంచింది. హట్టన్ ఊరికి పైన, కొండ మీదున్న ఆ తేయాకు తోటలో, ఆకు కోసేవాళ్ళ కడుపున పుట్టి కూర్చుని చేసే పని సంపాదించిన మొదటి ఆడపిల్ల మరి.

కొట్టంలో ఉన్న కాటా పాతది. ముఖాన ఎర్రటి అంకెలు వెలుగుతాయి. వెనక తొమ్మిది సూదుల ప్లగ్గు. కొలంబో నుంచి వచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌కు ఆ ప్లగ్గు దూరే చోటే లేదు. దాన్ని తెచ్చిన మెకానిక్కు రెంటికీ మధ్య బొటనవేలంత నీలం అడాప్టర్ తగిలించి, రెండూ ఒకే వేగంతో మాట్లాడుకునేలా అమర్చాడు.

"కాటా ముసలి అత్త, ఇది కొత్త కోడలు. మధ్యవర్తి మాత్రం చవక మనిషి చెల్లీ, ఓ కన్నేసి ఉంచు" అని నవ్వి వెళ్ళిపోయాడు.

పద్దెనిమిది కిలోలు తూగితే ఆ రోజుకు హాజరు పట్టీలో పూర్తి పేరు, పూర్తి కూలి. తగ్గితే సగం పేరు, సగం కూలి. వానల ముందు వరకూ అంతా సవ్యంగానే నడిచింది. మంచు దిగడం మొదలయ్యాక ఒక ఉదయం కాటా మీద పంతొమ్మిది వెలుగుతుంటే ల్యాప్‌టాప్‌లో తొమ్మిది పడింది. అడాప్టర్ సూదులకు చెమ్మ పట్టి మొదటి అంకె దారిలోనే పోతోందని రాసమణికి అర్థమైంది. కొలంబోకు పంపే ముందు మీట మళ్ళీ నొక్కి చూసింది. ఈసారి పంతొమ్మిదే వచ్చింది.

వెనక నిలబడ్డ కణక్కుపిళ్ళ, తోట లెక్కలు చూసే ఆరోగ్యం అనే ఆయన, ఆమె చేతి మీద బెత్తంతో తట్టాడు.

"ఒక్కసారే నొక్కాలి."

"అయ్యా, కాటా మీద చూడండి, పంతొమ్మిది ఉంది. అడాప్టర్ మారిస్తే సరిపోతుంది."

"కాటా కొలంబో వెళ్తుందా? ల్యాప్‌టాప్‌లో పడిందే బరువు. నీకు కుర్చీ బరువనిపిస్తే చెప్పు, దించేస్తా."

అప్పట్నుంచి ఆమె ఒక్కసారే నొక్కింది. మంచు ఉన్న ప్రతి పూటా ఎవరో ఒకరికి సగం పేరు పడేది. ఆడవాళ్ళు సంచి దించుతూనే తిట్టిపోసేవాళ్ళు. "చదువుకుంది కదా, అంకెలు కూడా తినేస్తోంది" అనేది వాళ్ళల్లో పేచ్చి అనే ఆవిడ. ఒకనాడు సొంత తల్లికే సగం పేరు పడింది. ఆ రోజు చిన్నకణ్ణు కూతురికి అన్నం పెట్టలేదు.

ఆదివారం రాసమణి హట్టన్ వెళ్ళి మంచి అడాప్టర్ కొనుక్కొచ్చింది. రెండు రోజులు మంచులోనూ అంకెలు ఒక్కటీ తప్పలేదు. అంతలో కణక్కుపిళ్ళ నీలానికి బదులు వేరే రంగు అడాప్టర్ ఉండడం చూశాడు. దాన్ని పీకి నేల మీద వేసి బూటు మడమతో నలిపి, పాతదాన్నే మళ్ళీ పెట్టించాడు.

"తోట సామానులో నీ సొంత సామాను కలుపుతావా? రేపు తోట దొర చూస్తే దొంగతనమంటాడు."

ఆ సాయంత్రం రాసమణి లైన్ ఇళ్ళ ముందు నిలబడి అన్నీ చెప్పేసింది. మర్నాడు ఆకు తుంచకుండా అందరూ దొర దగ్గరికి నడిచారు. ముందు పేచ్చి, పక్కన చిన్నకణ్ణు.

దొర తూకం కొట్టానికే వచ్చాడు. మంచు తేలిపోయి, రేకుల మీద ఎండ చుర్రుమంటోంది. పాత నీలం అడాప్టర్‌తోనే తూచమన్నాడు. కాటా మీద ఇరవై ఒకటి. ల్యాప్‌టాప్‌లో ఇరవై ఒకటి. ఇంకో సంచి పెట్టించాడు. అదీ సరిగ్గానే వచ్చింది. పేచ్చి సంచీ అంతే.

"దొరా, ఇప్పుడు ఎండ కాస్తోంది. మంచులో చూడాలి" అంది రాసమణి.

"మంచు అంకెలు తింటుందా?" అన్నాడు దొర. కణక్కుపిళ్ళ పెద్దగా నవ్వాడు. "మిషను తినలేదంటే ఇంకెవరు తిన్నట్టు?" అని ఆడవాళ్ళ వైపు తిరిగాడు.

దొర జీపు ఎక్కేలోపు పేచ్చి "ఇన్నాళ్ళూ దీని చెయ్యే మన కూలి తిందన్నమాట" అనేసింది. అందరి కళ్ళూ చిన్నకణ్ణు వైపు తిరిగాయి. రేపు ఈ ఆడవాళ్ళ మధ్యనే వాలు మీద నిలబడాల్సింది ఆమె. కూతురి చెంప మీద కొట్టింది. రాసమణి చెయ్యి అడ్డం పెట్టలేదు. మళ్ళీ కొట్టింది.

కుర్చీ కణక్కుపిళ్ళ మేనల్లుడికి పోయింది. రాసమణికి బుట్ట ఇచ్చారు. అలవాటు లేని చేతులు, కాళ్ళకు జలగలు. ఆమె పక్క వరుసలో ఎవరూ నిలబడేవాళ్ళు కాదు. తల్లి కూడా రెండు వరుసలు వదిలి కోసేది.

పద్దెనిమిది కిలోలు తుంచగలిగిన మొదటి రోజున కొండంతా మంచే. కాటా మీద పద్దెనిమిదిన్నర ఎర్రగా వెలిగింది. మేనల్లుడు ఒక్కసారి నొక్కి, "ఎనిమిదిన్నర. సగం పేరు" అన్నాడు.

రాసమణి వెనక్కి తిరిగింది. "చూడండి. అందరూ చూడండి, అదిగో, కాటా మీద!"

వాళ్ళు చూశారు. పేచ్చి చూసింది, వెనకున్న చిన్నకణ్ణు కూడా తల ఎత్తి ఆ అంకెను చూసింది.

"తప్పుకో" అంది పేచ్చి, తన సంచిని ఆమె నడుముకేసి నెడుతూ. "వాన వచ్చేట్టుంది."