మీటరుకు కనిపించని పెట్రోలు

ఆయన అసలు పేరు షాపు బోర్డు మీద కూడా లేదు. ఊళ్ళో కార్లున్న వాళ్ళందరికీ ఆయన ముక్కు మేస్త్రీ. ముక్కు పెద్దదని కాదు, అందరికీ ఉండే ముక్కే. కార్బ్యురేటర్ల రోజుల్లో కారు స్టార్ట్ చేయించి, సైలెన్సర్‌కు రెండు బారల దూరంలో నిలబడి, ఒక్కసారి గాలి పీల్చేవాడు. "పెట్రోలు ఎక్కువైంది, స్క్రూ పావు చుట్టు బిగించు" అనేవాడు. ఆ మాట ఎన్నడూ తప్పలేదని ఆయన చెప్పుకోడు. ఆ పని చేసేది ఆయన బావమరిది.

కార్లలోకి కంప్యూటర్లు వచ్చాక ఆయన తోటివాళ్ళు చాలామంది పని మానుకున్నారు. మేస్త్రీ మాత్రం యాభై ఏళ్ళ వయసులో కళ్ళజోడు పెట్టుకుని కొత్త విద్య నేర్చుకున్నాడు. షెడ్డులో నేలకు రోలర్లు బిగించి, కారు ఉన్నచోటే ఉండి చక్రాలు మాత్రం పరిగెత్తే ఏర్పాటు చేశాడు. పొగ వెళ్ళే గొట్టానికి ఒక సెన్సర్ తగిలిస్తే గాలికీ పెట్రోలుకూ ఉన్న నిష్పత్తి మీటరు మీద అంకెగా కనిపిస్తుంది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి దాదాపు పద్నాలుగున్నర పాళ్ళ గాలి కావాలి. ఇంజన్లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో ఉన్న కారులో యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు అంకె పన్నెండుకు కాస్త అటూ ఇటూగా ఉండాలి. అంటే పెట్రోలు కొంచెం ఎక్కువే పడాలి, ఇంజను చల్లగా ఉండాలంటే అది తప్పదు. ఆ సమయంలో అంకె పైకి పోయిందంటే పెట్రోలు చాలడం లేదని లెక్క. అలాగే తొక్కితే పిస్టను కరిగిపోయినా ఆశ్చర్యం లేదు.

మీటరు వచ్చినా మేస్త్రీ పాత అలవాటు వదల్లేదు. ఒకసారి కారు తొక్కి చూశాక, అంకె రాసుకుని, పెట్రోలు హెచ్చుతగ్గులు చేసే కంప్యూటరు ముట్టుకోకుండా వెనక సందులోకి నడిచేవాడు. కారు పొగను బయటికి పంపే లావుపాటి గొట్టం అక్కడ తేలుతుంది. ఒకసారి వాసన చూసి, వచ్చి, అప్పుడు మార్పు చేసేవాడు.

ఏడు నెలల క్రితం నాలుగు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. అది పోతూ పోతూ వాసనను కూడా పట్టుకుపోయింది. ముందుగా కనిపెట్టింది ఆయన భార్య.

"పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నారేంటండీ?"

"ఏ పాలు?" అన్నాడు మేస్త్రీ.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆయన పేపరు మడిచాడు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి భార్యాభర్తల మధ్యే ఉండిపోయింది. ముక్కు పనిచెయ్యని ముక్కు మేస్త్రీ దగ్గరికి ఎవరొస్తారు? దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని, అలవాటు ప్రకారం సందులోకి నడుస్తూనే ఉన్నాడు. వెళ్ళడం, గాలి పీల్చడం, తల ఊపడం, తిరిగి రావడం. ముప్పైకి పైగా కార్లు అలా గడిచిపోయాయి. మీటరు సరిగ్గా చెబుతున్నంత కాలం తల ఊపినా ఊపకపోయినా ఒకటే.

ఒక శుక్రవారం పొద్దున పళ్ళ డాక్టరు కారు తెచ్చింది. ఆమెకు వేగం పిచ్చి. రెండేళ్ళుగా సెలవు రోజుల్లో దగ్గరుండి ఇంజను మళ్ళీ మొదటి నుంచి కట్టించుకుంది. పాతదాన్ని తీసేసి పెద్ద టర్బో వేయించింది. ఆదివారం పందెం, ఒక్కో కారుగా గడియారంతో పోటీ. ఈ ఇంజను పోతే ఇంకొకటి కట్టించే ఓపిక తనకు లేదని వచ్చీరాగానే చెప్పింది.

"భయపడకండి డాక్టరమ్మా" అన్నాడు మేస్త్రీ.

"పన్ను పీకే ముందు నేనూ అదే అంటాను" అంది ఆమె.

బావమరిది పకపకా నవ్వాడు.

మేస్త్రీ కారులో కూర్చుని తొక్కాడు. అంకె పన్నెండు దగ్గర బుద్ధిగా నిలబడింది. టర్బో ఒత్తిడి పెరిగేసరికి ఇంజను తడబడింది. అంకె ఒక్క గంతులో పద్నాలుగు దాటింది. మేస్త్రీ కాలు తీసేశాడు. పెట్రోలు చాలడం లేదు. అంకె రాసుకుని, సందులోకి వెళ్ళి, తల ఊపి వచ్చి, ఆ వేగం దగ్గర పెట్రోలు కొంచెం పెంచాడు. మళ్ళీ తొక్కాడు. ఈసారి పదిహేను.

"పంపు అందుకోవట్లేదేమో బావా" అన్నాడు బావమరిది.

పంపు ఒత్తిడి చూశారు, నిక్షేపంలా ఉంది. మేస్త్రీ ఇంకాస్త పెంచాడు. పదిహేనున్నర. పోసిన కొద్దీ తక్కువైందని చెప్పే లెక్కను ఆయన ఇన్నేళ్ళలో చూడలేదు. ఇంకొక్క మెట్టు పెంచి నాలుగోసారి తొక్కాడు. ఇంజను దగ్గొచ్చిన మనిషిలా టపటపమంది. దిగి సందులోకి నడిచాడు. గోడ దగ్గర గాలి పీల్చి, తల ఊపాడు.

సందు మొదట్లో ఫోను మాట్లాడుతున్న పళ్ళ డాక్టరు ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఏంటి మేస్త్రీ గారూ ఈ కంపు! పెట్రోలు బంకు తగలేసినట్టుంది. ఇందులో ఎలా నిలబడ్డారు?"

మేస్త్రీ ఇంకోసారి గాలి పీల్చి చూశాడు.

"మీకు వాసన రావట్లేదా?"

అలవాటైపోయింది అంటే సరిపోయేది. ఇన్నేళ్ళ పేరుంది, నమ్మేది. కానీ ఆ సమాధానం చెప్పి మళ్ళీ లోపలికి వెళ్ళి పెట్రోలు ఇంకో మెట్టు పెంచితే ఏమవుతుందో ఆయనకు తెలియదు. ఇంజను పాడైతే ఆదివారం సంగతి దేవుడెరుగు, రెండేళ్ళ శ్రమ బూడిద.

"రావట్లేదమ్మా. ఏడు నెలలైంది, ఏ వాసనా రావట్లేదు."

"ఏడు నెలలా? మరి రోజూ ఇక్కడికొచ్చి ఏం చేస్తున్నారు?"

"నటిస్తున్నాను."

ఆమె కళ్ళు తుడుచుకుని ఆయన వంక చూసింది. మేస్త్రీ మాత్రం గొట్టం వంక చూస్తున్నాడు.

"పచ్చి పెట్రోలు వాసనేనా? మాడిన వాసన కాదుగా?" అని అడిగాడు.

"పచ్చిదే. డబ్బా మూత తీసినట్టు."

అక్కడితో ఆయనకు లెక్క అర్థమైంది. మీటరుకు పెట్రోలు కనిపించదు. పొగలో మిగిలిపోయిన ఆక్సిజన్‌ను చూసి, గాలి ఎంతో పెట్రోలు ఎంతో అంచనా వేస్తుంది. లోపల మంట అంటుకోకపోతే పెట్రోలూ అలాగే బయటపడుతుంది, ఆక్సిజనూ అలాగే బయటపడుతుంది. ఆ ఆక్సిజన్‌ను చూసి మీటరు పెట్రోలు చాలలేదంటుంది. తను ఇంకా పోశాడు. తడిసిన కట్టెల మీద నీళ్ళు చల్లి మంట రాలేదని ఏడ్చినట్టు!

"ప్లగ్గులు విప్పరా" అని లోపలికి కేకేశాడు.

నాలుగు ప్లగ్గులూ నల్లగా, తడితడిగా బయటికొచ్చాయి. మేస్త్రీ ఒకదాన్ని తుడిచి కొనలో సందు కొలిచాడు. మామూలు కారుకు ఉండాల్సినంత ఉంది. అంత పెద్ద టర్బో ఒత్తిడికి ఆ సందు దాటి నిప్పురవ్వ దూకలేదు. ఈదురుగాలిలో అగ్గిపుల్ల గీసినట్టే.

"సందు సరిచూసే ప్యాక్ చేశామని డబ్బా మీద రాసుంది బావా" అన్నాడు బావమరిది.

"ఎవరి కారుకు సరిచూశార్రా? మీ అత్తగారి కారుకా?"

"మా అత్తగారికి సైకిలే లేదు."

"నోరు మూసుకుని సగానికి తగ్గించు."

డాక్టరమ్మ నవ్వలేదు. "నా ఇంజను సంగతి చెప్పండి" అంది.

మేస్త్రీ దాచకుండా చెప్పాడు. కాలని పెట్రోలు సిలిండర్ల గోడల మీది నూనెను కడిగేస్తుంది, కిందికి జారి ఇంజను ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ చూసే పుల్ల తీసి ఆమెకు అందించాడు.

"మీరే చూడాలి. నాకు తెలియదు."

"రోజంతా జనం నోళ్ళు చూసే పనే నాది. ఇదెంత" అని ఆమె పుల్లను ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. "ఉంది. పెట్రోలు ఉంది."

ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది పోశారు. ఒక్కొక్క సిలిండర్లో ఒత్తిడి కొలిచారు. మొదటిదీ రెండోదీ సమానం. మూడోది కొలిచేటప్పుడు మేస్త్రీ గేజి మీదికి వంగిపోయాడు, కళ్ళజోడు జారుతున్నా పట్టించుకోలేదు. మూడోది, నాలుగోది కూడా సమానమే. గోడలు చెడలేదు. ఇంకో రెండుసార్లు తొక్కి ఉంటే చెప్పడం కష్టం.

"కారు తీసుకెళ్ళిపోతానంటే ఏమీ అనుకోనమ్మా" అన్నాడు మేస్త్రీ.

ఆమె గడియారం చూసుకుంది. "ఆదివారం లోపు ఎక్కడికి తీసుకెళ్ళను? మీరు అంకె చూడండి, వాసన నేను చూస్తాను."

"గొట్టం మూతి దగ్గరికి పోకండి, విషం అది. గోడ దగ్గరే ఉండండి. కళ్ళు మండగానే వచ్చెయ్యండి."

పెంచిన పెట్రోలంతా వెనక్కి తగ్గించి, మొదట ఉన్న లెక్కకు తెచ్చి, తొక్కాడు. ఇంజను తడబడలేదు. అంకె పదకొండు పాయింటు ఎనిమిది దగ్గర చివరిదాకా కదలకుండా నిలబడింది. మేస్త్రీ అది రాసుకున్నాడు. లేచి సందు వైపు రెండడుగులు వేసి, ఆగిపోయాడు. ఆమె లోపలికి వచ్చేదాకా కంప్యూటరు ముట్టుకోలేదు.

"వేడి పొగ వాసన తప్ప ఇంకేమీ లేదు" అంది ఆమె.

ఆదివారం తొమ్మిది కార్లలో ఆమెది నాలుగో స్థానం. ఇంజను చెక్కుచెదరలేదు. మేస్త్రీ ముక్కు సంగతి మాత్రం వారం తిరక్కుండా ఊరంతా తెలిసింది. ఆమె దాచాలని అనుకోలేదు, మేస్త్రీ దాచమని అడగలేదు. పళ్ళ డాక్టరు చెప్పే కబుర్లు ఎవరైనా వినాల్సిందే. నోరు తెరిచి పడుకున్నవాళ్ళు మధ్యలో అడ్డుపడలేరు. ఇద్దరు పాత ఖాతాదారులు కార్లు వేరే చోటికి తీసుకుపోయారు. మిగతావాళ్ళు వస్తూనే ఉన్నారు. బావమరిది "అంకె మేస్త్రీ" అని పిలవబోయి, అక్క ముఖం చూసి ఊరుకున్నాడు.

ఇప్పుడు షెడ్డులో పద్ధతి మారింది. మేస్త్రీ అంకె చూస్తాడు. కారు ఎవరిదో వాళ్ళు సందులో గోడ దగ్గర నిలబడి, వచ్చి, ఏ వాసన వచ్చిందో తమ మాటల్లో చెప్పాలి. పచ్చిదా, మాడినదా, కళ్ళు మండాయా అని ఆయన అడుగుతాడు, జవాబు అంకె పక్కనే రాసుకుంటాడు. రెండూ కుదిరితేనే కంప్యూటరు మీద చెయ్యి పెడతాడు. నిన్న ఒకాయన ఎర్రటి కారు రోలర్ల మీదికి ఎక్కించి, దిగుతూనే మూడుసార్లు తుమ్మాడు.

"జలుబా?" అని అడిగాడు మేస్త్రీ.

"రెండు రోజులుగా. ఏం పర్లేదులెండి."

"తగ్గాక రండి" అని మేస్త్రీ బండి కిందికి దింపించాడు.