ముప్పావుగంట ఫుట్‌బాల్

ఆ రోజుల్లో కుర్రాళ్ళకి కోపం రావాలంటే పెద్ద కారణాలే ఉండాలనుకునేవాళ్ళం. నాకు మాత్రం ఒక నోటీసు చాలింది. డెబ్బైల్లో, బెజవాడలో, మా ప్రిన్సిపాల్ గారు అంటించారు: "ఫుట్‌బాల్ జట్టువారు రోజుకు ముప్పావుగంటకు మించి బంతిని తాకరాదు. తాకినవారికి హాల్‌టికెట్ ఇవ్వబడదు." అంతకుముందు ఏడాది జట్టులో ఏడుగురం పరీక్ష తప్పామట! తప్పాం సరే, ఏ ఆటా ఆడకుండా తప్పినవాళ్ళ సంగతేమిటి? బంతి ఆయన గదిలో, బీరువాలో. నాలుగున్నరకి బయటికి, ఐదుంబావుకి లోపలికి. (అందులో గాలి కొట్టడానికే పావుగంట.) ఒళ్ళు మండదూ?

పైగా అది నా ఆఖరి సంవత్సరం. నేను సెంటర్ ఫార్వర్డ్‌ని. కాలేజీల పోటీ ఫైనల్ చూడటానికి యూనివర్సిటీ జట్టును ఎంపిక చేసేవాళ్ళు వస్తారు. ఆ జట్టులో పడితే రైల్వేలో ఉద్యోగం వచ్చినట్టే. నా మార్కులు చూసి ఉద్యోగమిచ్చే మహానుభావుడు ఇంకెక్కడా లేడు.

ఉపాయం మా గోల్‌కీపర్‌ది. కంకిపాడు నుంచి బస్సులో వచ్చేవాడు కాబట్టి వాడి పేరే కంకిపాడు. "ఒరే, బంతిని తాకొద్దన్నాడు గానీ ఆడొద్దన్లేదు గదరా. బంతి లేకుండానే ఆడదాం!" అన్నాడు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే భవానీపురం దగ్గర కృష్ణ ఇసుకలో పదకొండు మందిమీ లేని బంతితో ఆడాం. పాస్ ఇచ్చేవాడు పేరు పెట్టి కేకెయ్యాలి, అందుకున్నవాడు పరుగెత్తాలి. కాలు విసిరి ముందుగా "గోల్!" అని అరిస్తే గోలే. కంకిపాడు ఒక్కనాడూ ఒప్పుకునేవాడు కాదు. "పట్టేశాగా, ఇదిగో!" అని ఖాళీ చేతులు చూపించేవాడు. దానిమీద జుట్టూ జుట్టూ పట్టుకున్నాం కూడా. అక్కడ బట్టలుతికే ఆవిడ కొన్నాళ్ళు చూసి చూసి, "ఏం పోగొట్టుకున్నారు నాయనా?" అనడిగింది. నెల తిరిగేసరికి నాకు గోల్ కొట్టడం నిద్రలో కూడా వచ్చేసింది.

ఫైనల్. చెరొక గోలు. ఆఖరి నిమిషాలు. ఎడమవైపు నుంచి పాస్ వచ్చింది, అవతలి గోల్‌కీపర్ జారిపడ్డాడు, నా ముందు గోలంతా ఖాళీ. కాలు విసిరాను. "గోల్!" అని అరిచి రెండు చేతులూ పైకెత్తి మావాళ్ళ వైపు పరుగెత్తాను. మావాళ్ళూ (అలవాటే కదా) పరుగెత్తుకొచ్చి నన్నెత్తేశారు. కంకిపాడు సైతం గోలు వదిలేసి వచ్చాడు. వాడు నా గోలు ఒప్పుకున్నది ఆ ఒక్కరోజే. బంతి మాత్రం నా కాలు తగలక ఉన్నచోటే ఉంది. అవతలివాళ్ళు దాన్ని తీరిగ్గా తోసుకెళ్ళి మా గోల్లో వేసుకున్నారు.

షామియానాలోంచి ప్రిన్సిపాల్ గారు దిగొచ్చారు. "ఏమయ్యా, ఇలా ఓడిపోయారేంటి? ప్రాక్టీసు చెయ్యరా?" అన్నారు.

నెత్తురు మరిగిపోయింది. నోట్లోంచి మాత్రం "చేశామండీ" అని వచ్చింది. అంతే! రైల్వే ఉద్యోగం పోయినందుకన్నా ఆ "అండీ" అన్నందుకే ఇప్పటికీ కడుపు రగులుతుంది. గడ్డం గీసుకుంటూ ఆయనకివ్వాల్సిన జవాబు రోజుకొకటి తయారుచేస్తూనే ఉన్నాను. వినడానికి ఆయన లేరు, అరవడానికి నాకూ ఓపిక లేదు. కానీ చేతులెత్తి పరుగెడుతున్న ఆ వెధవ గుర్తొస్తే నవ్వాగదు. వెనక్కి తిరిగి చూసేదాకా, ఆ నాలుగంగలూ, వాడికి ఉద్యోగం వచ్చేసినట్టే.