వీరాంజనేయులు జీపు, సులోచన గరాజు

వీరాంజనేయులు ఏ పని మొదలుపెట్టినా ఇంగ్లీషు ఊరు కోవెంట్రీలోని తెలుగువాళ్ళందరికీ తెలిసిపోయేది. ఆ పని ఎప్పుడు అటకెక్కిందో మాత్రం భార్య సులోచనకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు. వాళ్ళింటి గరాజులో ఏనాడూ కారు పెట్టిన పాపాన పోలేదు. అందులో ఒక ట్రెడ్‌మిల్లు, తీగలు తెగిన గిటారు, పెరట్లో తేనెటీగలు పెంచుతానని సగం బిగించి వదిలేసిన పెట్టె, పిండి రుబ్బే గ్రైండరును ఎండతో తిప్పుతానని తెచ్చిన సోలార్ ప్యానెలు ఉండేవి. అన్నీ నీలం టార్పాలిన్ కింద హాయిగా నిద్రపోతుండేవి. వచ్చిన రోజున మాత్రం ఒక్కోదానికీ ఘనంగా పూజ జరిగింది. ట్రెడ్‌మిల్లుకు కూడా కొబ్బరికాయ కొట్టిన మనిషి అతను.

అలాగని పనికిమాలినవాడేం కాదు. కదిరిలో పుట్టి, చదువుకుని, ఇక్కడి కార్ల కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తూ జుట్టు నెరిపించుకున్నాడు. కార్లన్నీ అతనికి కంప్యూటర్ తెర మీదే పరిచయం. చేత్తో బానెట్ ఎత్తిన అనుభవం లేదు. ఆ లోటు అతన్ని లోపల్లోపల తొలిచేది.

సులోచన దగ్గర్లోని జీపీ సర్జరీలో, అంటే డాక్టరు క్లినిక్కులో, రిసెప్షనిస్టు. ఆమె వేరుశనగలతో చేసే చెనిక్కాయల పొడి కోసం పక్క ఊరు లెస్టర్ నుంచి కూడా జనం వస్తారు. మిరపకాయలు వేయించినప్పుడల్లా ఇంట్లో పొగ అలారం కూతపెట్టేది, ఆ వెనకే పక్కింటావిడ దగ్గు మొదలుపెట్టేది. వ్యాపారంగా చేయాలంటే విడిగా ఒక వంటగది ఉంటే మంచిదని ఊరి కౌన్సిల్ నుంచి వచ్చిన మనిషి చెప్పి వెళ్ళాడు. అప్పటినుంచి సులోచన గరాజును కళ్ళతోనే కొలుస్తోంది. స్టవ్ ఇక్కడ, సింకు అక్కడ, అటక మీద డబ్బాలు.

సరిగ్గా అప్పుడే వీరాంజనేయులికి పాత జీపు మీద మనసు పడింది.

"మళ్ళా ఒగటా?" అంది సులోచన.

"ఇది అట్ల కాదుమ్మే. ఫోర్ వీల్ డ్రైవ్. నాలుగు చక్రాలూ తిరుగుతాయి."

"ఇప్పుడుండే కారుకు ఎన్ని తిరుగుతాండాయి?"

ఇంజను బలం నాలుగింటికీ అందడమంటే ఏమిటో అతను చెప్పబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"తెచ్చుకోండి. ఉగాదిలోపల ఎంఓటీ పాస్ చేయించినారంటే గరాజు మీది, మళ్ళా నేను ఆ మాటెత్తను. చేయించలేకపోతే నాది. లోపలుండే చెత్తంతా మీరే ఎత్తిపోయల్ల."

"సరే!" అన్నాడు వీరాంజనేయులు, ఏడాదికోసారి బండికి జరిగే ఆ పరీక్షను ఎప్పుడో పాసైపోయినంత ధీమాగా.

జీపు ఊరవతల ఒక ముసలి రైతు దగ్గర ఉంది. మంచి రోజు చూసుకున్నాడు, శనివారం. రాహుకాలం తొమ్మిదికి మొదలవుతుందని ఫోన్లో పంచాంగం చెప్పింది. ఆలోపల బేరం ముగించాలని, ఇంకా పూర్తిగా తెల్లవారకముందే ఆ చలిలో రైతు వాకిట్లో వాలాడు. రైతు మహా నిజాయితీపరుడు. "కిందకు దూరి చూడు బాబూ, ఈ బండికి అసలు సంగతంతా అడుగునే ఉంటుంది" అని ఇంగ్లీషులో చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. టార్చి కూడా తెచ్చిచ్చాడు. వీరాంజనేయులు వాచీ చూసుకుని, "అవసరం లేదు, నాకు మీ మీద నమ్మకముంది" అన్నాడు. ఇంత సులువుగా నమ్మేవాణ్ణి రైతు తన జన్మలో చూసి ఉండడు. బేరం కూడా ఆడనివ్వకుండా తనే కాస్త తగ్గించి తాళాలు చేతిలో పెట్టాడు. టీ తాగించి, కాగితాలు రాసి పంపేసరికి పది దాటింది.

ఇంటికొచ్చాక నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. హారతి పళ్ళెం పట్టుకున్న సులోచన అతని ఫోన్ వైపు చూసింది.

"ఈ రాహుకాలం ఏ ఊరిది?"

"ఏ ఊరిదేంది? రాహుకాలం రాహుకాలమే."

"పైన కదిరి అని ఉండాది. అది పొద్దు పొడిచేదాన్ని బట్టి గదా లెక్క? ఈడ చలికాలంలో పొద్దు పొడిచేదే ఎనిమిది దాటినాక. మీరు ఆదరాబాదరా కొని, సరిగ్గా ఈ ఊరి రాహుకాలంలో బండి తోలుకోని వచ్చినారు."

వీరాంజనేయులు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. కూతురు సహస్ర మేడ మీద కిటికీలోంచి తొంగి చూసి, "డాడ్, దట్ థింగ్ ఈజ్ ఎ డెత్ ట్రాప్!" అని తన వంతు ఆశీర్వాదం అందించింది.

రాహువు సంగతి ఎలా ఉన్నా తుప్పు తన పని ఎప్పుడో చేసేసింది. ఎంఓటీ షెడ్డులో టెస్టరు జీపును పైకి లేపి, బండిని మోసే ఛాసిస్ చట్రం మీద స్క్రూడ్రైవరుతో పొడిచాడు. అది అప్పడంలోకి దిగినట్టు దిగింది. ఇంకోచోట పొడిచాడు, అక్కడా అంతే. కాసేపటికి ఆయనకే జాలేసి పొడవడం మానేశాడు. ఇంజను భేషుగ్గా ఉందనీ, దాన్ని మోసేదే లేదనీ మర్యాదగా చెప్పి ఫెయిల్ చేశాడు.

వీరాంజనేయులు తగ్గలేదు. కాలేజీలో సాయంత్రం వెల్డింగ్ క్లాసులో చేరాడు. గరాజులో చోటు లేదు కాబట్టి ఇంటి ముందు డ్రైవ్‌వేలోనే, వానలో, అట్టముక్కల మీద వెల్లకిలా పడుకుని తుప్పు కోశాడు. కోసినకొద్దీ కొత్త తుప్పు బయటపడింది. అతను వేసిన మొదటి అతుకు సుత్తితో తట్టగానే ఊడి, సరిగ్గా పొట్ట మీద పడింది. కళ్ళలో తుప్పు పొడి, మోచేతుల మీద బొబ్బలు, ఆఫీసు మీటింగుల్లో ఆవులింతలు. మాఘమాసం వెళ్ళేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక ఆదివారం అతను గరాజులోంచి నీలం టార్పాలిన్ లాక్కొచ్చి జీపు మీద కప్పడం సులోచన వంటింట్లోంచి చూసింది. ఆ టార్పాలిన్ సంగతి ఆమెకు బాగా తెలుసు. దాని కిందికి వెళ్ళిన వస్తువు తిరిగి లేచిన దాఖలా లేదు. అంటే గరాజు తనదే. నోరు మూసుకుని నిలబడితే చాలు. ఆమెకు సంతోషం రావాలి, రాలేదు. అతని భుజాలు వాలిపోయి ఉన్నాయి.

చెప్పులేసుకుని బయటికెళ్ళి టార్పాలిన్ కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది.

"ఏంటికమ్మే? గెలిచినావు గదా" అన్నాడు అతను, ఆమె మొహం చూడకుండా.

"మీరు ఓడిపోతే నాకు గరాజొస్తాది. నిజమే. గరాజు కోసరం ఓడిపోయిన మొగుణ్ణి ఇంట్లో పెట్టుకోని నేనేం జేసుకునేది? పడుకోండి కిందికి. ఇనుప ముక్క నేను పట్టుకుంటా."

అప్పటినుంచి ఇద్దరూ జీపు కిందే. సులోచన పట్టకారుతో ముక్క అదిమి పట్టుకునేది, అతను అతికేవాడు. పట్టుకున్నంతసేపూ తిట్టేది. వంకర పోతోందని తిట్టేది, తొందరపడుతున్నాడని తిట్టేది, ట్రెడ్‌మిల్లు దగ్గర్నుంచి వరసబెట్టి పాత బాకీలన్నీ తిట్టేది. చేతులు ఊరికే ఉండవు కాబట్టి కొబ్బరికాయను తట్టినట్టు ఇనుమును తట్టి చూసేది. బోలుగా మోగితే, "ఈడ కూడా పోయింది, కోయండి" అనేది. అతను వెంటనే కోసేవాడు. పెళ్ళయ్యాక వాళ్ళు అంతసేపు పక్కపక్కన పడుకుని మాట్లాడుకున్నది అప్పుడే.

ఉగాది ముందురోజు జీపు పాసయింది. టెస్టరు స్క్రూడ్రైవరుతో ఎంత పొడిచినా దిగలేదు. వీరాంజనేయులు ఫోన్ చేసినప్పుడు సులోచన సర్జరీలో కౌంటరు ముందు నిలబడి ఉంది. "మంచిది" అని మాత్రం అని, క్యూలో ఉన్నాయన్ని పేరడిగింది. మధ్యాహ్నమంతా ఆమెకు ఒకవైపు గర్వంగానూ ఉంది, ఇంకోవైపు ఏడుపూ వస్తోంది. తన చేతులతో తనే గరాజును పోగొట్టుకుంది. పట్టకారు పట్టుకోమని ఎవరూ బొట్టు పెట్టి పిలవలేదు కదా.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి డ్రైవ్‌వేలో జీపు లేదు. గరాజు తలుపు మూసి ఉంది. అప్పుడే లోపల పెట్టేసుకున్నాడన్నమాట. ఒక్క రాత్రయినా ఆగకూడదా అని ఒళ్ళు మండింది. అతన్ని నిలబెట్టి కడిగేద్దామని తలుపు పైకెత్తింది.

లోపల ఏమీ లేదు. జీపు లేదు, ట్రెడ్‌మిల్లు లేదు, ఏదీ లేదు. ఊడ్చిన సిమెంటు నేల ఉంది.

అప్పుడే మూల మలుపు తిరిగి జీపు వచ్చింది. వీరాంజనేయులు మొహం నిండా దుమ్ము. జీపు పాసైన దగ్గర్నుంచి కౌన్సిల్ చెత్త డిపోకు తిరుగుతూనే ఉన్నాడట.

"గెలిచింది మీరు గదా!" అంది సులోచన.

"ఒకటి పూర్తి చేసినాక తెలిసిందిమ్మే. మిగతావి నేను జన్మలో చేయను. చేస్తా చేస్తా అని ఇన్నేండ్లు నీ చోటును తొక్కిపెట్టినా."

ఆమె ఖాళీ గరాజు మధ్యలోకి వెళ్ళి నిలబడి, పైట చెంగుతో కళ్ళొత్తుకుంది. అతను గుమ్మంలోనే ఆగిపోయి, "లోపలికి రావచ్చునా?" అని అడిగాడు.

"చెప్పులు ఆడ విడిచి రండి" అంది సులోచన.