స్టీఫెన్ లేచి నిలబడ్డ ఆదివారం

మా పక్క క్వార్టర్ స్టీఫెన్‌కు వాన పడుతోందని చెబితే, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుంటే గాని నమ్మడు. బొగ్గుబాయి గేటు దగ్గర యూనియన్ నాయకులు మైకు పట్టుకుంటే చాలు, మధ్యలో చెయ్యెత్తి, కిందటిసారి చెప్పిన వాటి సంగతేమిటని అడుగుతాడు. అందుకే ప్రతి యూనియన్ వాళ్లూ అతన్ని అవతలి యూనియన్ మనిషి అనుకుంటారు. చర్చిలోనూ అంతే. పాస్టరుగారు గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చెయ్యి కలుపుతుంటే, వరుస ఆపేసి మరీ సందేహం అడుగుతాడు. వెనక మేమంతా ఆకలితో నకనకలాడుతూ నిలబడతాం. కాలనీలో అతనికి సవాల్ స్టీఫెన్ అని పేరు పడింది. ఆ పేరంటే అతనికి లోపల్లోపల మహా ఇష్టం.

భార్య మహిమ వేరే రకం. దవాఖానలో నర్సు, సండే స్కూల్ టీచరు. ఒకటి నమ్మిందంటే ఇక దానికి బ్రహ్మరథం పట్టాల్సిందే. వాళ్లకు ఒక్కతే కూతురు, ఆరాధన. ఐదో తరగతి అయిపోయింది. ఖోఖో ఆడితే దాన్ని పట్టుకునే పిల్ల ఆ బడిలోనే లేదు.

ఆ ఎండాకాలం ఎన్నికలొచ్చాయి. ఎవరో నాయకుడు వస్తున్నాడని బడివాళ్లు పిల్లల చేతికి జెండాలిచ్చి మిట్టమధ్యాహ్నం రోడ్డు పక్కన నిలబెట్టారు. ఆరాధన మొహం కందిపోయి ఇంటికొచ్చి, అన్నం తింటూ కూడా జిందాబాద్ అంటూనే ఉంది. మహిమకు ఒళ్లు మండింది. సరిగ్గా అప్పుడే మా చర్చికి పైఊరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. బడికి పంపితే పిల్లల విశ్వాసం పాడవుతుంది, ఇంట్లోనే చదువు చెప్పుకోండి అని ఆయన ఉపదేశం. ఇక మహిమ పట్టు పట్టింది. జూన్‌లో బడి తెరిచినా పిల్లను పంపేది లేదంది.

స్టీఫెన్‌కు బడి మీద నమ్మకం లేదు, నాయకుడి మీద లేదు, ప్రసంగీకుడి మీద అసలే లేదు. అయినా ఇంటి చదువు అనేసరికి తింటున్న కంచం పక్కకు జరిపాడు.

“బడిల తప్పు చెప్తే ఇంటికొచ్చి మనల్ని అడుగుతది. ఇంట్ల మనమే తప్పు చెప్తే యాడికి పోయి అడుగుతది?” అన్నాడు.

మహిమ తగ్గలేదు. ఆరాధన మా ఇంటికొచ్చి ఏడ్చింది. బడి పోతే ఖోఖో పోతుంది, బెంచీలో పక్కన కూర్చునే నర్మద పోతుంది.

తర్వాతి ఆదివారం స్టీఫెన్ రాత్రి షిఫ్టు దిగి, స్నానం చేసి, నేరుగా చర్చికొచ్చాడు. మగవాళ్ల వైపు చివరి బెంచీలో నేను, పక్కన అతను, అవతల మా కాలనీ ఫిలిప్. రాత్రి షిఫ్టు మనిషి చర్చిలో కునుకు తీస్తే మా బొగ్గుబాయి చర్చి సంఘంలో ఎవరూ తప్పు పట్టరు. పక్కవాడు లేస్తే లేవాలి, కూర్చుంటే కూర్చోవాలి, అంతే. స్టీఫెన్ ఇందులో ఆరితేరినవాడు. కళ్లు తెరవకుండానే లేచి, పాటలో గొంతు కలిపి, మళ్లీ కూర్చుని గురక పెట్టగలడు.

ఆ రోజు ప్రసంగీకుడు, పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లో చదివిస్తామనేవాళ్లు దేవుని ఎదుట లేచి నిలబడండి అన్నాడు. ఫిలిప్ లేచాడు. స్టీఫెన్ కూడా లేచాడు. నేను చొక్కా పట్టి లాగాను. పాట ఎత్తుకోమంటున్నాననుకున్నాడు కాబోలు, గొంతెత్తి పాట మొదలుపెట్టాడు. ప్రసంగీకుడు పరుగున వచ్చి తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశాడు. ఆడవాళ్ల వైపు మహిమ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నేను చెవిలో సంగతి చెప్పేసరికి అంతా అయిపోయింది.

సంఘం ముందు, అందులోనూ దేవుని ఎదుట ఇచ్చిన మాట. మహిమ అంత సంతోషంగా ఉంటే ఎట్లా కాదనాలో చెప్పమని స్టీఫెన్ నన్ను అడిగాడు. ప్రశ్న అడిగి, వాదించకుండా జవాబు కోసం ఆగడం అతనికి అదే మొదటిసారి.

సెలవుల్లోనే వాళ్ల వరండాలో చదువు మొదలైంది. పొద్దున మహిమ, ఆమె డ్యూటీకి పోయాక స్టీఫెన్. నిజం చెప్పొద్దూ, మా కాలనీలో అంత సందడి నేనెన్నడూ చూడలేదు. ఫిలిప్ పిల్లలొచ్చారు, నర్మద వచ్చింది, దాని వెనక చర్చి మొహం చూడని పిల్లలూ వచ్చారు. మహిమ బైబిల్లో జంతువులన్నీ ఎక్కిన ఓడ కథ చెబితే, అన్ని జంతువుల పేడ ఎవరెత్తారని నర్మద అడిగింది. నవ్వలేక, కోప్పడలేక, మహిమ మామిడికాయ కోసి, ఉప్పూ కారం అద్ది అందరికీ పంచింది. స్టీఫెన్ తన వంతులో ఒక పిల్లవాణ్ణి నాయకుణ్ణి చేసి కుర్చీ ఎక్కించి, మిగతావాళ్లతో ప్రశ్నలు వేయించేవాడు. నాయకుడు కుర్చీ దూకి పారిపోయేవాడు. ఇంటి చదువు అంత చెడ్డదేం కాదేమోనని నాతో అన్నాడు కూడా.

ఒకరోజు గోదావరి పాఠం వచ్చింది. గోదావరి ఎక్కడ పుట్టిందని తనే అడిగి, బాసరలో అని తనే చెప్పాడు. నర్మద చెయ్యెత్తి, కాదు, మహారాష్ట్రలో నాసిక్ దగ్గర, బడిలో పటం చూపించారు అంది. స్టీఫెన్ నవ్వి ఒప్పుకోబోయాడు. అంతలో ఆరాధన లేచింది.

“మా బాపు చెప్పిండు. ఇగ అడిగేదేంది?” అంది.

బడిలో ఆ పటం చూసినప్పుడు నర్మద పక్కన కూర్చున్నది ఇదే పిల్ల. స్టీఫెన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ రోజుకు చదువు చాలని పిల్లల్ని పంపేశాడు.

ఆ ఆదివారం, దేవుడు తమకు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, జన్మలో ఎన్నడూ సాక్ష్యం చెప్పని మనిషి లేచాడు. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాయి. ఆనాడు తాను నిద్రలో లేచానని, ఫిలిప్ లేచాడని లేచానని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చర్చంతా గొల్లున నవ్వింది. పాస్టరుగారు పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

“నా బిడ్డకు నేనొక్కణ్ణి సాలను. నేను తప్పు చెప్తే తప్పు అనేటోళ్లు గావాలె. నా మాట నాకు ఇడిసిపెట్టుండ్రి,” అన్నాడు.

అందరి తలలూ మహిమ వైపు తిరిగాయి. ఆమె మెల్లగా లేచింది.

“నువ్వు నిద్రల లేచినవని నాకు గప్పుడే ఎర్క,” అంది.

ఈసారి పాటల పుస్తకం అడ్డం పెట్టుకునే ఓపిక కూడా పాస్టరుగారికి మిగల్లేదు, ఆయనే ముందు నవ్వారు. నవ్వులు ఆగాక మహిమ, పిల్లను బడికి పంపుదామంది. ఏ పార్టీ కోసమైనా సరే మళ్లీ ఎండలో నిలబెడితే మాత్రం అడగడానికి తానే ముందు పోతానంది. ఆరాధన ఆడవాళ్ల మధ్యలోంచి ఎగిరి ఒక్క గంతేసింది. నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి, దాచుకోలేదు.

నలుగురం కలిసి ఇంటికి నడుస్తున్నాం. ఆరాధన మధ్యలో ఆగి తల్లి వైపు తిరిగింది.

“ఎర్క ఉంటే గప్పుడే ఎందుకు చెప్పలే అవ్వా?”

మహిమ కూతురి చెయ్యి పట్టుకుంది. “నాకు గట్లనే గావాలనిపిచ్చింది బిడ్డా. గందుకే అడగలే,” అంది.

స్టీఫెన్ మీసం మీద చెయ్యి వేసుకోబోయాడు. ఆరాధన అటు తిరిగింది.

“మరి గోదారి బాసరల పుట్టిందని నీకెవలు చెప్పిండ్రు బాపూ?”

స్టీఫెన్ చెయ్యి మీసం దాకా పోకుండానే దిగింది. చివరికి, “మా బాపు,” అన్నాడు.

మహిమ అక్కడే నడిరోడ్డు మీద కడుపు పట్టుకుని నవ్వింది. వెనక ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.